పాలు పితికే వేళ పెట్టిన ఓటు

సాయంత్రం వార్తల వేళకి హెస్టర్ గానియాన్ వంట ముగించి, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, టీవీతో పోట్లాటకి సిద్ధంగా కూర్చునేది. మొగుడు పోయాక ఇంట్లో పోట్లాడడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఒక ముసలి పిల్లి ఉంది కానీ దానికి రాజకీయాలు పట్టవు.

ఆ చలికాలమంతా హెస్టర్ ఒళ్ళు మండుతూనే ఉంది. కోర్టు ఆగమంటే దేశాధ్యక్షుడు ఆగడం లేదు. ఓట్లు లెక్కపెట్టేవాళ్ళ ఇళ్ళకి ఎవరెవరో ఫోన్లు చేసి చంపుతామంటున్నారు. ఏ వీధివాళ్ళు ఎవరికి ఓటేస్తారో చూసుకుని నియోజకవర్గాల గీతలు కత్తెరతో గుడ్డ కత్తిరించినట్టు కత్తిరిస్తున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఇదేమిటని అడగాల్సిన పెద్దమనుషులు వాషింగ్టన్లో మెట్ల మీద నిలబడి, మైకు మూతి దగ్గర పెడితే, "నేనింకా ఆ ఉత్తర్వు చదవలేదండీ" అని నవ్వుకుంటూ కార్లెక్కడం ఇంకో ఎత్తు. అది చూసినప్పుడే హెస్టర్‌కి అసలు కోపం వచ్చేది.

"మీలో ఒక్కడు!" అని అరిచేది టీవీ మీద. "ఒక్కడు లేచి నిలబడితే ఏం పోయిందిరా మీకు? మీవాడు చేస్తే తప్పు తప్పు కాకుండా పోతుందా? వెన్నెముకలు ఎక్కడ కుదువ పెట్టొచ్చార్రా?"

పిల్లి లేచి పక్కగదిలోకి పోయేది.

వెర్మాంట్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉంది హార్న్‌బెక్ ఊరు. ఆ ఊళ్ళో స్కూలు బస్సు నడిపి రిటైరయింది హెస్టర్. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరి సభ జరుగుతుంది. ఊళ్ళో ఓటున్న ప్రతివాళ్ళూ టౌన్‌హాల్లో కూర్చుని, రోడ్డుకెంత, బడికెంత, మంచు తీసే బండికెంత అని వాళ్ళే తేల్చుకుంటారు. ఊరి బోర్డు వాళ్ళు ముందు వరసలో కూర్చుని జవాబు చెప్పుకోవాలి. హెస్టర్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ రోజు బడిపిల్లల్ని బస్సులో తీసుకొచ్చి బాల్కనీలో కూర్చోబెట్టేది. "చూడండర్రా, కిందున్న వాళ్ళలో ఎవడూ ఎవడికీ పెద్ద కాదు, చిన్న కాదు" అని చెప్పేది. పిల్లలు వినేవాళ్ళో లేదో గానీ, చెప్పి చెప్పి ఆవిడ మాత్రం ఆ మాటని గట్టిగా నమ్మింది.

ఆ సభకొక కట్టుబాటుంది. ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు. పక్క కుర్చీలో కూర్చున్న మొగుడితో విభేదించినా సరే, లేచి నిలబడి సభాపతికే చెప్పుకోవాలి. మాట ఆయన మీదుగా తిరిగి వెళ్తే దార్లో కాస్త వేడి తగ్గుతుందని పాతకాలం వాళ్ళ ఆలోచన. సభాపతి ఆల్డన్ ప్రౌటీకి డెబ్బై దాటాయి. విన్న తిట్లన్నీ ఎదుటివాళ్ళకి తగలకుండా తనలోనే అరిగించుకోవడం ఆయన ఉద్యోగం.

ఆ ఏడు హెస్టర్ ఒక తీర్మానం రాసుకొచ్చింది. తన స్నేహితురాలు, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన రోవీనా పైక్ దాన్ని దిద్దిపెట్టింది. కోర్టు మాట దేశాధ్యక్షుడు వినేలా చూడండి, ఓట్ల లెక్క జోలికి ఎవర్నీ పోనివ్వకండి, ఆ పని చేతకాకపోతే సిగ్గుతో తలదించుకోండి అని ఈ రాష్ట్రం తరఫున వాషింగ్టన్లో కూర్చున్న వాళ్ళకి హార్న్‌బెక్ ఊరు చెబుతున్నది. సారాంశం అంతే. సిగ్గు మాట తీసేద్దామంది రోవీనా. చస్తే తియ్యనంది హెస్టర్.

నిజానికి ఆ కాగితంతో వాషింగ్టన్ వణికిపోతుందని హెస్టరూ అనుకోలేదు. కానీ ఒక ఊరు, పేరున్న ఊరు, చేతులెత్తి లెక్కపెట్టి మరీ ఇది తప్పు అని చెప్పడం ఆవిడకి కావాలి. అది కూడా లేకపోతే ఇక టీవీకీ తనకీ పిల్లికీ మధ్యనే ఉండిపోతుంది దేశం సంగతంతా.

చిక్కల్లా ఏమిటంటే ఊరు సగానికి సగం చీలిపోయి ఉంది. పాడి రైతులు, వాళ్ళ చుట్టాలు దేశాధ్యక్షుడి పక్షం. వాళ్ళందరి గొంతూ హెస్టర్ సొంత తమ్ముడు ఆరిన్ తాట్రో. పుట్టింటి పాడి వాడిదే ఇప్పుడు. ఊరి సభలో అక్కా తమ్ముడూ సభాపతి మీదుగా పోట్లాడుకోవడం చూడడానికే కొందరు వచ్చేవాళ్ళు.

రెండో చిక్కు, జనవరిలోనే ఊళ్ళోవాళ్ళ చేత సంతకాలు చేయించి ఇస్తే తీర్మానం సభ పట్టికలో పైనెక్కడో చేరేది. హెస్టర్ ఆలస్యం చేసింది. దాంతో అది చివరన, ఇతర విషయాల్లో పడింది.

"అదే మన అదృష్టం" అంది రోవీనా సభ రోజు భోజనాల దగ్గర, పిండి పొరల్లో కూరి కాల్చిన చికెన్ 'పై'లో ముక్కని ఫోర్కుతో పొడుస్తూ. "మూడున్నర దాటితే పాలవాళ్ళందరూ పితకడానికి వెళ్ళిపోతారు. అప్పటిదాకా సభ సాగితే చాలు. మిగిలేది మనవాళ్ళే."

 హెస్టర్ ప్లేటులో బీన్స్ అటూ ఇటూ తోసింది. తర్వాత, "ఎలా సాగుతుంది?" అని అడిగింది.

"ఇవాళ కొనాలంటున్న రోడ్డు చదును చేసే యంత్రం ఉందిగా. దాని గురించి ప్రశ్నలడుగు."

అడిగింది. మధ్యాహ్నం సభ మొదలయ్యాక హెస్టర్ అడిగినన్ని ప్రశ్నలు ఆ యంత్రం తయారుచేసినవాడు కూడా అడిగి ఉండడు. దాని బ్లేడు ఎంత వెడల్పు అంది. పాతదాని బ్లేడు ఏం చేశారంది. టైర్లకి గొలుసులు వేరే కొనాలా అంది. బురద కాలంలో మెర్సియర్ వాళ్ళ గుట్ట ఎక్కుతుందా అంది. రోడ్ల బాధ్యత చూసే బోర్డు మనిషి పాపం ప్రతిదానికీ లేచి జవాబు చెబుతున్నాడు. అది పసుపు రంగేనా లేక వేరే రంగులో కూడా దొరుకుతుందా అని ఆవిడ అడిగేసరికి ఆయన సభాపతి వంక దీనంగా చూశాడు.

"సభాపతి గారూ," అన్నాడు ఆరిన్ వెనక వరసలోంచి లేచి, "మా అక్క ఆ బండి కొనుక్కుంటుందా, పెళ్ళి చేసుకుంటుందా కనుక్కోండి."

హాలంతా గొల్లున నవ్వింది. హెస్టర్ కూడా నవ్వింది. కానీ గోడ గడియారం వైపు చూసింది. ఆ చూపుని ఆరిన్ పట్టుకున్నాడు.

మూడున్నర దాటింది. ఒక్కొక్కళ్ళే కోట్లు తగిలించుకుని లేస్తున్నారు పాడివాళ్ళు. ఆవు పొదుగుకి సభా మర్యాదలు తెలియవు. వేళ దాటితే సలుపుతుంది, జబ్బు చేస్తుంది. మెర్సియర్ అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. వాళ్ళ భార్యలు వెళ్ళారు. ఆరిన్ అందరికంటే వెనక తలుపు దాకా వెళ్ళి, టోపీ చేత్తో పట్టుకుని ఆగాడు.

"సభాపతి గారూ, మా అక్కకి ఒక మాట అందించండి."

"చెప్పు, ఆరిన్."

"ప్రతి సాయంత్రం టీవీలో ఎవర్నైతే తిడుతుందో, వాళ్ళ దగ్గర పని బాగానే నేర్చుకుందని చెప్పండి. మేం ఆవుల తోకల దగ్గరుండగా ఊరి పేరు మీద ఓటు కొట్టేస్తుందన్నమాట. చాలా బాగుందని చెప్పండి."

ఆల్డన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ మాట చేరింది. కూర్చుంటావా, వెళ్తావా?"

"వెళ్తున్నా. ఆవులు నాకోసం ఆగవు. మీ ఓటు అసలే ఆగదు."

తలుపు వాడి వెనక దడాలున పడింది. హాల్లో చలి కాచుకునే పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. హెస్టర్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. ఎంత పొగరు వీడికి! కోర్టులంటే లెక్కలేనివాళ్ళకి జేజేలు కొట్టేవాడు తనకి నీతులు చెప్పడమా! ఆ కాగితంలో రాసింది వాడి కోసం కూడా కాదూ! ఇలా పళ్ళు కొరుక్కుంటూ ఆవిడ మనసులో వాడికి నాలుగు జవాబులు తయారుచేసుకుంది. నాలుగూ చప్పగానే ఉన్నాయి. వాడన్నది నిజం కాబట్టి కోపం పొంగుతోంది తప్ప జవాబు దొరకడం లేదు. యంత్రం రంగేమిటని అడిగింది తనే మరి.

రోడ్డు యంత్రం కొనడానికి ఒప్పుకుంటూ సభ చేతులెత్తింది. "ఇతర విషయాలు" అన్నాడు ఆల్డన్. రోవీనా మోచేత్తో పొడిచింది.

హెస్టర్ లేచింది. "సభాపతి గారూ, ఒక్క గంట విరామం కావాలి. వంటింట్లో ఆపిల్ పైలు ఇంకా మిగిలే ఉన్నాయి."

ఆపిల్ పై పేరెత్తేసరికి ఎవరూ కాదనలేదు.

"నీకేమైనా మతిపోయిందా?" అంది రోవీనా, కోటు తొడుక్కుంటున్న హెస్టర్ చెయ్యి పట్టుకుని. "ఎక్కడికి?"

"ఆరిన్‌ని తీసుకురావడానికి."

"వాడొస్తే ఓడిపోతాం!"

"పోతే పోతాం. నేనొచ్చేదాకా ఓటు పెట్టనివ్వకు."

"చూద్దాం" అంది రోవీనా.

ఆ మాట హెస్టర్ సరిగ్గా వినలేదు. విన్నా, ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు అన్న మాటలో వంక వెతికే మనిషి కాదావిడ.

బయట మంచు కరిగి రోడ్డు బురదగా మారింది. పాత సుబారు కారు ఒకచోట పక్కకి జారింది కూడా. ఆరిన్ పశువుల కొట్టంలో రేడియో మోగుతోంది. వాడు రెండో వరస ఆవుకి పాలు తీసే గొట్టాలు తగిలిస్తున్నాడు. జీతగాడు జ్వరంతో పడుకోవడంతో ఒంటరిగా చేసుకుంటున్నాడు.

"ఏం, ఓటు అయిపోయిందా? మిఠాయి పంచడానికొచ్చావా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఆపాను. నువ్వెళ్ళి ఓటేసిరా. పాలు నేను తీస్తాను."

ఆరిన్ నడుం నిటారు చేసి చూశాడు. "నువ్వా? కొట్టంలో అడుగుపెట్టి ఎన్నేళ్ళయింది?"

"నీకు పితకడం నేర్పింది ఎవర్రా? ఏడుస్తుంటే బకెట్టు మీద కూర్చోబెట్టి నేర్పింది ఎవరు?"

"అప్పుడు చేత్తో పితికాం. ఇది యంత్రం."

"బస్సు నడిపినదాన్ని, నాకు నీ యంత్రం ఒక లెక్కా? ఆ బూట్లు ఇలా తియ్యి."

"అక్కా, నేనెళ్ళి వద్దనే ఓటేస్తాను. తెలుసా?"

"తెలుసు."

"మెర్సియర్ వాళ్ళని కూడా తీసుకెళ్తాను. వాళ్ళ కుర్రాళ్ళకి కొట్టం అప్పజెప్పి వచ్చేస్తారు."

"తీసుకెళ్ళు. ఊళ్ళో ఉన్న మొండి వెధవలందర్నీ ఎక్కించుకెళ్ళు. కానీ త్వరగా కదులు, నా మనసు మారకముందే."

ఆరిన్ రబ్బరు బూట్లు విప్పి ఆవిడ ముందు పడేశాడు. గోడ వారనున్న వేరే బూట్లలో కాళ్ళు దూర్చి, "ఆ చివరి తెల్లమచ్చది తంతుంది, పక్కనుంచి వెళ్ళు" అని మాత్రం చెప్పి పరుగెత్తాడు.

అది తన్నింది కూడా. ఐనా హెస్టర్‌కి ఆ కాసేపు హాయిగా ఉంది. వెచ్చటి పేడవాసన, గడ్డివాసన, నమిలే చప్పుడు, గాజుసీసాలోకి జివ్వున వచ్చి పడే పాలు. ఓడిపోతానని తెలిసినా గుండెల మీంచి ఏదో దిగినట్టుంది. వాషింగ్టన్లో ఉన్న మొహాల్ని ఒక్కసారి ఇక్కడ నిలబెట్టి ఈ తెల్లమచ్చ దానికి పాలు తియ్యమనాలి అనుకుంది. ఆ ఊహకి తనలో తనే నవ్వుకుంది.

అనుకున్న దానికంటే చాలా ముందే ట్రక్కు తిరిగొచ్చింది. ఆరిన్ లోపలికొచ్చి రేడియో కట్టేశాడు.

"గెలిచావక్కా."

"ఏం గెలిచాను?"

"నీ కాగితం. మేం తలుపు తీసేసరికి చప్పట్లు కొడుతున్నారు. వద్దన్నవాళ్ళు నలుగురో ఐదుగురోనట. ఇంక నువ్వు ఇంటికెళ్ళి పడుకోవచ్చు."

"విరామం గంటన్నాను కదరా! గంట కాలేదుగా!"

"పైలు అయిపోయాయట" అన్నాడు ఆరిన్. వాడి గొంతులో వెక్కిరింత కూడా లేదు. అలవాటైన మోసాన్ని చూసినవాడిలా మామూలుగా అన్నాడు. "మీ రోవీనాయే లేచి, ఇక మొదలుపెడదాం అందట. పోనీలే. ఎవరికి అవకాశం దొరికితే వాళ్ళు చేసేదేగా. మేం చేస్తే నీకు మండుతుంది, మీరు చేస్తే మాకు మండుతుంది."

హెస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. వాడు తిట్టి ఉంటే బాగుండేది. వాడి మొహంలో ఆ తేలికదనమే ఆవిడకి పడలేదు. అంతా ఇంతే, అందరూ ఇంతే అని వాడు కుదురుగా నమ్మేశాడు. ఆ నమ్మకానికి ఈ పూట సాక్ష్యం పలికింది తను. తన పేరు మీద.

"మిగతావి నువ్వు చూసుకో" అని, వాడి బూట్లు కూడా విప్పకుండా, తన జోళ్ళు అక్కడే వదిలేసి కారెక్కింది.

టౌన్‌హాల్లో సభ ఇంకా ముగియలేదు. వంట చేసిన ఆడవాళ్ళకి కృతజ్ఞతలు చెబుతూ ఎవరో మాట్లాడుతున్నారు. పేడ బూట్లతో, నుదుటి మీద గడ్డితో హెస్టర్ లోపలికి వచ్చేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడకే. చప్పట్లు ఆగేదాకా ఆవిడ మధ్య దారిలో అలాగే నిలబడింది. 

"సభాపతి గారూ, నేను రాకుండా ఓటెందుకు పెట్టారు?"

ఆల్డన్ మొహం ముడుచుకుపోయింది. "సభ మొదలుపెట్టమని సభే అడిగింది, హెస్టర్. ఎక్కువమంది సరేనన్నారు. నేను కాదనడానికి లేదు."

"మళ్ళీ పెట్టండి."

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. "గెలిచాంగా!" అన్నారెవరో నేరుగా, కట్టుబాటు మరిచిపోయి.

"తేలిపోయిన విషయాన్ని తిరగతోడొచ్చు," అన్నాడు ఆల్డన్ నెమ్మదిగా, "కానీ గెలిచినవాళ్ళలో ఒకరు లేచి అడగాలి. అది నియమం. నువ్వు అడగడానికి లేదు హెస్టర్, నువ్వు ఓటే వెయ్యలేదు. గెలిచినవాళ్ళలో ఎవరైనా అడుగుతారా?"

ఎవరూ లేవలేదు.

హెస్టర్ ఒక్కొక్క మొహమే చూసింది. అందరూ తనవాళ్ళే. తను ఏమనుకుంటుందో అదే అనుకునేవాళ్ళు. సగంమందికి చిన్నప్పుడు ముక్కు తుడిచి బస్సెక్కించింది తనే. ఇంటి ముందు నినాదాల బోర్డులు పాతినవాళ్ళు, చలిలో జిల్లా కోర్టు మెట్ల మీద నిరసన అట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. ఒకడు బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఒకావిడ సంచిలో ఏదో వెతుక్కుంటోంది. రోవీనా నేల చూపులు చూస్తోంది.

అప్పుడు హెస్టర్ నోటికి కట్టు తెగింది.

"సభాపతి గారూ, వీళ్ళకి చెప్పండి. ప్రతి సాయంత్రం టీవీలో కొన్ని మొహాలు చూస్తాను. తప్పని తెలుసు, ఐనా మనవాడు కదా అని బూట్ల వంక చూసే మొహాలు. ఒక్కడు లేవండిరా అని గొంతు పోయేలా అరుస్తాను. ఆ మొహాలే ఇక్కడ కూర్చున్నాయని చెప్పండి. వాళ్ళ బూట్లు ఖరీదైనవి, ఇవి బురద బూట్లు. అంతే తేడా. మధ్యాహ్నం ఆ దిక్కుమాలిన యంత్రం గురించి నేనడిగినవన్నీ వేళ గడపడానికే అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. నా తమ్ముడు అది కనిపెట్టాడు. ఇప్పుడు వాడు కోపంగా కూడా లేడు. మీరూ అంతేగా అనుకుని ఆవుల దగ్గరికి పోయాడు. ఆ కాగితంలో ఓట్ల జోలికి ఎవర్నీ పోనివ్వకండి అని రాశాం. అది రాసి, ఇలా గెలిచి, ఊరి ముద్ర కొట్టి పంపుతారా? పంపండి! నా పేరు మాత్రం దాని మీద ఉండకూడదు!"

ఊపిరి అందక ఆగింది. ఆల్డన్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన అద్దాలకి అంత దుమ్మేమీ లేదు. తుడిచిందే తుడిచాడు.

"ఎవరైనా అడుగుతారా?" అన్నాడు మళ్ళీ.

కుర్చీ కిర్రుమంది. రోవీనా పైక్ లేచి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది.

"సభాపతి గారూ, ఈ హెస్టర్ అంత తలతిక్క మనిషి ఈ జిల్లాలో ఇంకొకత్తె లేదని ఆవిడకి చెప్పండి. ఓటేసినదాన్ని, గెలిచినదాన్ని, నేను అడుగుతున్నాను. తిరగతోడండి. రాత్రి భోజనాలయ్యాక, ఏడింటికి, పాల పనులన్నీ అయ్యాక పెట్టండి. ఇంకోమాట, ఆ పైలు అయిపోలేదు. రెండు దాచాను. అదీ చెప్పండి."

చేతులు లేచాయి. ఉత్సాహంగా ఏమీ లేవలేదు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు, విసుక్కుంటూ, సగం సగం ఎత్తారు. ఐనా సరిపోయాయి.

ఏడింటికి హాలు పొద్దుటికంటే ఎక్కువ నిండింది. కబురు ఊరంతా పాకింది కాబోలు, ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చారు. తీర్మానం చదివారు. ఆరిన్ లేచాడు. జుట్టు తడిగా దువ్వుకుని, శుభ్రమైన చొక్కా వేసుకొచ్చాడు.

"సభాపతి గారూ, మా అక్క రాసిందంతా అబద్ధమని నేననను. కొన్ని నాకూ నచ్చడం లేదు. కానీ నేను ఓటేసిన మనిషిని ఊరి పేరు మీద, అంటే నా పేరు మీద కూడా, తిట్టనివ్వను. ఆవిడ పేరు మీద ఆవిడ తిట్టుకోమనండి. ఎలాగూ తిడుతూనే ఉంది."

హెస్టర్ లేచింది. "సభాపతి గారూ, కొన్ని నచ్చడం లేదని ఇప్పుడు మెల్లగా గొణిగాడే, అది గట్టిగా అనమనండి. అదే నేను ఈ దేశాన్ని అడుగుతున్నది."

ఆరిన్ కూర్చున్నాడు.

చేతులెత్తితే లెక్క తేలేలా లేదని ఆల్డన్ జనాన్ని విడిపోయి నిలబడమన్నాడు. ఔనన్నవాళ్ళు పొయ్యి వైపు, కాదన్నవాళ్ళు కిటికీల వైపు. కుర్చీలు జరిగాయి. పొయ్యి వైపు వెళ్ళి వెనక్కి తిరిగిన హెస్టర్‌కి ఎదురుగా సరిగ్గా ఆరినే నిలబడి ఉన్నాడు. మధ్యలో ఖాళీ నేల. ఆల్డన్ ఒక్కొక్కళ్ళ మీదా వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తీర్మానం కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయింది.

రోవీనా వచ్చి హెస్టర్ భుజం మీద ఒక్క చరుపు చరిచి వెళ్ళిపోయింది. గట్టిగానే చరిచింది.

కార్లో కూర్చుని హెస్టర్ తాళం తిప్పలేదు. ఏడుపొచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. రేపు సాయంత్రం మళ్ళీ అవే మొహాలు, అవే మెట్లు, అదే నవ్వు. వాళ్ళకి ఎదురు నిలిచి ఒక్కమాట అడిగే ఊరు కూడా లేకుండా పోయింది. తన చేతులతో తనే పోగొట్టుకుంది. మళ్ళీ జరిగినా మళ్ళీ ఇలాగే చేస్తుంది, అదే ఇంకా మంటగా ఉంది.

ఆరిన్ కిటికీ అద్దం మీద కొట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని అద్దం దించింది.

"ఓడిపోయావు."

"ఓడిపోయాను. కళ్ళారా చూశాను. కిటికీల దగ్గర ఎవరెవరు నిలబడ్డారో అందర్నీ చూశాను. ఎవడూ చాటుగా చెయ్యలేదు. అది చాలు."

"నా బూట్లు?"

హెస్టర్ వంగి, బూట్లు విప్పి, కిటికీలోంచి వాడి చేతిలో పెట్టింది. "వచ్చే మార్చికి మళ్ళీ తెస్తాను. జనవరిలోనే సంతకాలు చేయిస్తాను. మొదటి అంశం, పొద్దున్నే. పాలు తీయడం అయిపోయి, కాఫీ కూడా తాగి వచ్చేస్తావు."

"వచ్చి వద్దనే అంటాను."

"అను. నా ఎదురుగా నిలబడి అను. అప్పటికి ఊళ్ళో ఓటనేది ఉంటే."

ఆరిన్ నవ్వాడు. "ఉండకేం, ఎక్కడికి పోతుందే?"

హెస్టర్ నవ్వలేదు. వాడి మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. వాడి నవ్వు కాసేపు నిలిచి, మెల్లగా ఆగిపోయింది. బూట్లు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"పోకుండా చూడ్డం నా ఒక్కదాని వల్ల కాదురా" అంది హెస్టర్. తాళం తిప్పి, ఉన్ని మేజోళ్ళ కాలితోనే కారు ముందుకి పోనిచ్చింది.